ఊరికే చెప్పిన కిటుకు

గోపాలకృష్ణ నవ్వితే ఎదుటివాడు ఒకసారి జేబు తడుముకుంటాడని నూజివీడు మామిడి మార్కెట్లో అంటారు. ఆ మాట ఆయన చెవిన కూడా పడింది. కోపం రాలేదు. తనను చూసి జాగ్రత్తపడుతున్నారంటే తన వ్యాపారానికి విలువ ఉన్నట్టేనని సరిపెట్టుకున్నాడు. పెళ్ళిపిలుపు వచ్చినా, అకాలవర్షం వచ్చినా, పంటినొప్పి వచ్చినా దీంట్లో వచ్చేదెంత, పోయేదెంత అని బేరీజు వేసుకోకుండా ఆయనకు ముద్ద దిగదు.

అలాంటి మనిషి కొట్టుకి ఏప్రిల్ ఎండలో అక్షయ అనే అమ్మాయి వచ్చింది. విశాఖపట్నంలో పీహెచ్‌డీ చేస్తోంది. చిన్న వ్యాపారులు కొత్త పద్ధతులు ఎలా కనిపెడతారు, ఎవరి దగ్గర ఏం నేర్చుకుంటారు అన్నది ఆమె పరిశోధన. మామిడి సీజను అయిపోయేదాకా ఊళ్ళోనే గది తీసుకుని ఉంటానంది.

"దీనివల్ల నీకేం వస్తుందమ్మా?" అని అడిగాడు గోపాలకృష్ణ.

"డాక్టరేటు వస్తుందండీ."

"మరి నాకేం వస్తుంది?"

"మీకేం రాదండీ. నేను అడుగుతాను, మీరు చెబుతారు. అంతే."

ఇంత నష్టం బేరాన్ని ఇంత నవ్వుతూ తెచ్చినవాళ్ళు ఆయనకు ముందెప్పుడూ తగల్లేదు. ఆ ధైర్యం నచ్చి ఫ్యాను కింద కుర్చీ చూపించాడు.

ఎవరెవరి దగ్గర ఏమేం నేర్చుకున్నారని అడిగితే ఆయన చాలాసేపు చెప్పాడు. పూత చూసి తోట కాపు అంచనా వెయ్యడం నాన్న దగ్గర. లారీవాడితో కిరాయి తెగ్గొట్టడం మామగారి దగ్గర. హైదరాబాదు ధర రోజూ రెండుచోట్ల కనుక్కుని, ఆ రెండూ అబద్ధమేనని పట్టుకోవడం తనకు తానుగా. అక్షయ నవ్వుకుంటూ రాసుకుంది.

"మీ దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఎవరండీ?"

"నేనేమైనా బడి పెట్టానా?"

"మరి చిన్న రసాల సంగతి? చిన్న రసం పండు చెయ్యి తగిలితే చితికిపోతుంది, హైదరాబాదు చేరేలోపు రసమైపోతుంది, మేం ఆ సరుకు ముట్టుకోం అంటున్నారు మార్కెట్లో అందరూ. మీ ట్రేలు మాత్రం మచ్చ లేకుండా వెళ్తాయట. ఆ కిటుకేంటండీ?"

"అది మాత్రం అడక్కు తల్లీ" అని ఆయన ఆమెకు మజ్జిగ తెప్పించాడు. మజ్జిగ తెప్పించాడంటే మాట అయిపోయిందని అర్థం.

మే నెల మొదటివారంలో అక్షయ ల్యాప్‌టాప్ పట్టుకుని మళ్ళీ వచ్చింది. తెర మీద బోలెడు సున్నలు, వాటి మధ్య బాణాలు. ఒక్కో సున్న ఒక్కో వ్యాపారి. నేర్పినవాడి నుంచి నేర్చుకున్నవాడికి బాణం. గోపాలకృష్ణ తన సున్న ఎక్కడుందో చూపించమన్నాడు. దాని మీదికి నాలుగువైపుల నుంచీ బాణాలు వచ్చిపడుతున్నాయి. దాన్నుంచి బయటికి మాత్రం ఒక్కటీ లేదు.

ఆయన మొహం వెలిగిపోయింది. "అన్నీ జమలే. ఖర్చు గడి ఖాళీ. ఇంత శుభ్రమైన లెక్క మార్కెట్లో ఇంకెవరిదైనా ఉందా?"

"ఇది ఖాతా కాదండీ" అంది అక్షయ, నవ్వాలో వద్దో తెలియక.

ఆ మధ్యాహ్నమే ఆయన స్కూటరు మీద ఆగిరిపల్లి వెళ్ళాడు. అక్కడ వెంకాయమ్మగారిది చిన్న రసాల తోట. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఇలాంటి తోటలు చాలా ఉండేవి. ఒక్కొక్కటే కొట్టేసి బంగినపల్లి వేశారు, ఇప్పుడు ఆయిల్‌పామ్ వేస్తున్నారు. చెప్పుకోదగ్గ రసాల తోట ఇదొక్కటే మిగిలింది. ఏటా గుత్తకు తీసుకునేది గోపాలకృష్ణే. ఆ తోటలో గెడకు వల కట్టిన చిక్కంలో దిగిన మొదటి కాయల్లో దోరదొకటి గడ్డిలో పెట్టించి, మాగాక మెత్తగా పిసికి, కొస కొరికి, అక్కడే చెట్టు కింద నిలబడి జుర్రుకుంటాడు. ఖరీదు తలుచుకోకుండా ఆయన తినే వస్తువు ఈ లోకంలో అదొక్కటే.

వెంకాయమ్మగారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కోతవాళ్ళకు మజ్జిగ పోయిస్తోంది. అరవై దాటిన మనిషి. పొలం పనులన్నీ తనే చూసుకుంటుంది.

"రావయ్యా గోపాలం. నీకో మాట చెప్పాలి. ఆయిల్‌పామ్ వాళ్ళొచ్చి కొలతలు వేసుకుపోయారు. ఈ కాపు దిగిపోగానే చెట్లు కొట్టించేస్తున్నా."

గోపాలకృష్ణ గబగబా దగ్గరికొచ్చాడు. "చెట్లకేమైందండీ? కాపు బ్రహ్మాండంగా ఉందిగా!"

"చెట్లకేం కాలేదు. నీకే ఏమన్నా అవుద్దేమోనని నా బెంగ."

"నాకేమవుద్దండీ!"

"బీపీ ఉందిగా. రేపు నువ్వు మంచానపడితే నా కాయ ఎవడు కొంటాడు? బంగినపల్లికైతే పదిమంది వస్తారు, వేలంలో ఒకడి మీద ఒకడు పాడతారు. నా రసాలకి నువ్వొక్కడివే దిక్కు. నువ్వు చెప్పిందే ధర. ఎన్నేళ్ళు నీ మొహం చూస్తా కూర్చోను?"

"పోనీ ఈసారి కాస్త పెంచి..."

"పెంచినా నువ్వే, దించినా నువ్వే. పెంచుతానని దయ చూపిస్తే నాకొద్దయ్యా. ఇంకో ఇద్దర్ని తీసుకురా. నా తోటలో నిలబడి నీ మీద పాట పాడమను. మూడేళ్ళ గుత్తకి ఎవడు పాడినా చెట్లు ఉంచుతా. కాపు ఆఖరయ్యేదాకా టైముంది."

ఇంటికొచ్చి గోపాలకృష్ణ ఎటు తిప్పి చూసినా లెక్క తేలలేదు. ఇన్నేళ్ళూ పోటీ లేకపోవడమే లాభం అనుకున్నాడు. ఆ లాభమే ఇప్పుడు తోటను తినేస్తోంది. చెట్లు నిలవాలంటే చిన్న రసాలు కొనేవాళ్ళు ఇంకొందరు కావాలి. వాళ్ళు కొనాలంటే కాయ చెడకుండా హైదరాబాదు పంపడం వాళ్ళకు తెలియాలి. తెలియాలంటే తను చెప్పాలి. అంటే తన మీద పాడేవాళ్ళను తనే తయారు చేసుకోవాలి.

"ఇంత చచ్చు బేరం మా వంశంలో ఎవరూ చేసి ఉండరు కామూ" అన్నాడు భార్య కామేశ్వరితో.

"రసాలు లేకపోతే మీరేంటండీ? బంగినపల్లి అమ్ముకునే నలభైమందిలో నలభై ఒకటో ఆయన" అని ఆమె పప్పు వడ్డించింది.

అది తగలాల్సిన చోటే తగిలింది. మర్నాడు పొద్దున్నే శ్రీధర్‌నీ, జోజిబాబునీ కొట్టుకి పిలిచాడు. శ్రీధర్ మార్కెట్లో ఆయనకు అసలైన పోటీదారు. ఏదో దూరపు చుట్టరికం లాగి బావా అని పిలుస్తాడు, ఆ పిలుపుతోనే బేరంలో మెడ కోస్తాడు. జోజిబాబు చాట్రాయి మెట్టలో తోటలు పట్టి ఇక్కడ అమ్ముతాడు. పదిమాటలకు ఒక మాట మాట్లాడతాడు, ఆ మాట కూడా ధర గురించే. ఇద్దరికీ టీ ఇప్పించి గోపాలకృష్ణ గొంతు సవరించుకున్నాడు.

"చిన్న రసాల కిటుకు చెబుతా వినండి. మీరు కూడా చేసుకోండి."

శ్రీధర్ టీగ్లాసు కిందపెట్టి జేబు తడుముకున్నాడు.

"అందరూ తెల్లారగట్ల కోస్తారు. నేను పొద్దువాలాక కోయిస్తా. పొద్దున కాయలో సొన పొంగు మీద ఉంటుంది, తొడిమ తెగ్గానే చిమ్మి తొక్క మీద పడుతుంది, పడినచోటల్లా మచ్చ, మచ్చ పడినచోటే కుళ్ళు. ఎండ తగిలాక ఆ పొంగు తగ్గుతుంది. కోసిన కాయని ఆ రాత్రి గోనెపట్టాల మీద తొడిమ కిందికి బోర్లిస్తా. మిగిలిన సొన కూడా కారిపోతుంది. తర్వాత ట్రేలో ఒక్క వరసే. కింద ఎండు అరటాకు. గడ్డి గుచ్చుకుంటుంది, కాగితం చెమ్మ పడుతుంది. అరటాకైతే రెండూ లేవు. ఇదీ సంగతి."

శ్రీధర్ టీగ్లాసు మళ్ళీ అందుకున్నాడు.

"అదేంటి, పొద్దువాలాక కోసేది కూలి సగం ఇవ్వొచ్చనిగా?" అన్నాడు జోజిబాబు. "వేరే తోటల్లో పని అయిపోయినవాళ్ళని పట్టుకొచ్చి కోయిస్తాడు, అంత పీనాసి అని ఊరంతా అనుకుంటన్నారు."

"మొదట అందుకే. తర్వాతే తెలిసింది."

"మంచిది బావా, చాలా మంచిది" అంటూ శ్రీధర్ లేచాడు. ఇద్దరూ వీధి మలుపు తిరిగారో లేదో, పడీపడీ నవ్వుకోవడం కొట్టులోకి వినిపించింది.

వారం తిరక్కుండానే శ్రీధర్ మళ్ళీ వచ్చాడు. ఈసారి నవ్వు లేదు. చొక్కా చెమటతో తడిసి ఉంది. వెనకాల మార్కెట్ యార్డులో సగంమంది ఉన్నారు. ముసునూరు వైపు పెరటితోటల్లో ఉన్న రసాలన్నీ ఏరి ఒక బండెడు హైదరాబాదు పంపాడు. అక్కడ బండి తలుపు తీస్తే ట్రేల్లోంచి రసం కారి కిందికొచ్చిందట.

"ఎంత మోసం చేశావు బావా!"

"నేనేం చేశాను? నేను చెప్పినట్టు చేశావా?"

"నువ్వు చెప్పినట్టు ఎవడు చేస్తాడు? పొద్దువాలాక అన్నావు, నేను చీకటితో కోయించా. తొడిమ కిందికన్నావు, పైకి పెట్టించా. అరటాకు అన్నావని అరటాకు అనేదే దగ్గరికి రానివ్వలేదు. నువ్వు చెప్పిందానికి అన్నీ తిప్పి చేశా!"

"మరి నాదేం తప్పు?"

"నిజం చెప్పావుగా!" అని అరిచాడు శ్రీధర్. "నువ్వు నిజం చెబితే నేను నమ్మనని నీకు తెలుసు. తెలిసే చెప్పావు. ఇంత లోతైన దెబ్బ మా నాన్న కూడా తినలేదు!"

యార్డంతా గొల్లుమంది. హమాలీలు బస్తాలు దించేసి మరీ నవ్వారు. గోపాలకృష్ణకు మాత్రం నవ్వు రాలేదు. అబద్ధం చెప్పి నమ్మించిన సందర్భాలు ఆయన జీవితంలో లేకపోలేదు. నిజం చెప్పి నమ్మించడం ఎలాగో ఆయనకు తెలియదు. ఎప్పుడూ అవసరపడలేదు. అవతల ఆగిరిపల్లిలో చెట్ల మీద కాయ రోజురోజుకీ తగ్గిపోతోంది.

ఆ ఆదివారం కామేశ్వరి అక్షయను భోజనానికి పిలిచింది. మామిడికాయ పప్పు, గుమ్మడికాయ వడియాలు. అక్షయకు సంగతంతా అప్పటికే తెలిసిపోయింది. యార్డులో ఆమెకు చెప్పనివాడు లేడు.

"నీ బొమ్మలో నా నుంచి రెండు బాణాలు గియ్యమ్మా. ఇద్దరికి చెప్పాను" అన్నాడు గోపాలకృష్ణ.

"కుదరదండీ. చెప్పినందుకు బాణం వెయ్యను. వాళ్ళు నేర్చుకుంటేనే వేస్తాను."

"చెప్పింతర్వాత నేర్చుకోకపోతే అది వాళ్ళ ఖర్మ!"

"అలా అయితే మా కాలేజీలో అందరూ పాసైపోవాలిగా" అని అక్షయ వడియం కొరికింది. "సరే, మీ సంగతి చెప్పండి. అరటాకు సంగతి మీకెవరు చెప్పారు?"

"హనుమాన్ జంక్షన్లో తమలపాకుల కొట్టాయన. ఆయన కట్టలు అరటాకులో చుట్టి ఎంత దూరమైనా పంపేవాడు."

"ఊరికే చెప్పాడా?"

"ఊరికే ఎందుకు చెబుతాడు? ఆయన్ని ఒక లారీ యజమాని ఏళ్ళ తరబడి కిరాయిలో ముంచుతున్నాడు. అది ఎక్కడ ముంచుతున్నాడో నేను చూపించా. అందుకు బదులుగా చెప్పాడు. అది కూడా మూడుసార్లు తిప్పించుకున్నాక."

"అప్పుడు నమ్మారా?"

"నమ్మకేం? నా చేతి నుంచి ఒకటి పోయిందిగా. ఉత్తదైతే నేనెందుకు..." గోపాలకృష్ణ ఆగిపోయాడు. పప్పన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

కామేశ్వరి నెయ్యి వేస్తూ అంది. "చీరలకొట్టువాడు పిలిచి ఊరికే చీర ఇస్తే నేనైనా మడత విప్పి చిరుగెక్కడుందా అని చూస్తానండీ. అదే బేరమాడి తెచ్చుకుంటే చిరుగున్నా కట్టుకుంటా."

అక్షయ ఎడమచేత్తో పుస్తకం లాక్కుని ఆ మాట రాసుకుంది. "ఆంటీ, ఇది నా థీసిస్‌లో మీ పేరుతో పెట్టుకోనా?"

"పెట్టుకో తల్లీ. దానికి నాకేమిస్తావు?" అంది కామేశ్వరి. ఇంట్లో ఉన్న వ్యాపారి ఒకరే కాదని అక్షయకు అప్పుడు తెలిసింది.

సోమవారం పొద్దున్నే గోపాలకృష్ణ యార్డు మధ్యలో నిలబడి, శ్రీధర్‌కి వినపడేలా ఎవరితోనో అన్నాడు. "రసాల కిటుకు ఇక ఎవరికీ ఊరికే చెప్పను. కావలసినవాళ్ళు కొనుక్కోవాలి. డబ్బుకి ఇవ్వను. కిటుకుకి కిటుకు."

మధ్యాహ్నానికల్లా శ్రీధర్ వచ్చి గోపాలకృష్ణ గోడౌను దగ్గర తచ్చాడుతున్నాడు. జోజిబాబు అప్పటికే లోపల కూర్చుని ఉన్నాడు. అక్షయ ఒక మూల ట్రే బోర్లించుకుని కూర్చుంది. మాట్లాడకూడదన్న షరతు మీద రానిచ్చారు.

"నాకర్థం కానిదొకటే బావా. అది నువ్వు మొన్న చెప్పేశావుగా. చెప్పిందాన్ని మళ్ళీ ఎలా అమ్ముతావు?"

"మొన్న చెప్పింది ఉత్త మాట. ఇప్పుడిచ్చేది పూచీ. తీసుకుంటే తీసుకో, లేకపోతే జోజిబాబుకిస్తా."

జోజిబాబు పేరు వినగానే శ్రీధర్ కుర్చీ లాక్కున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి, ధర వేళ్ళతో చెప్పుకునే పాతకాలం బేరంలో లాగా గోపాలకృష్ణ చేతి మీద కప్పి, కింద వేళ్ళు పట్టుకున్నాడు. ఒక నిమిషం ఇద్దరూ అలాగే మొహాలు చూసుకున్నారు.

"కిటుకు వేళ్ళతో ఎలా చెబుతావయ్యా?" అన్నాడు జోజిబాబు.

శ్రీధర్ నాలిక కరుచుకుని తువ్వాలు తీసేశాడు. "అలవాటు. సరే, నాది చెబుతా. పాటలో నాకు కాయ నచ్చితే మొహం చిట్లిస్తా. నచ్చకపోతే ఆహా ఓహో అంటా. అందరూ మోసపోతారు."

"అది నాకు తెలుసు. ఇంకోటి తియ్యి."

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"నీ పెళ్ళిచూపుల్లో పిల్లని చూసి మొహం చిట్లించావంట. వారంలో పెళ్ళి పెట్టుకున్నావు. అప్పట్నుంచి."

మూలనుంచి అక్షయ నవ్వు బయటికొచ్చింది. శ్రీధర్ ఆమె వైపు గుర్రుగా చూసి, కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుని గొంతు తగ్గించాడు.

"నా కాయ పండకముందే అమ్ముడుపోద్ది బావా. హైదరాబాదులో అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులున్నాయి చూశావా, పూత దశ నుంచే రోజూ ఒక ఫోటో పెడతా. పూత, పిందె, గాలివాన, అన్నీ. మే నెలకి వాళ్ళే అడుగుతారు మన చెట్టు ఎలా ఉందని, మేనల్లుణ్ణి అడిగినట్టు. ఇక వాళ్ళు ధర అడగరు. ఎప్పుడొస్తుందని అడుగుతారు."

గోపాలకృష్ణ మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. లోపల మాత్రం దసరా జరుగుతోంది. ఇన్నేళ్ళూ శ్రీధర్ సరుకు కన్నా ముందు డబ్బు ఎలా తెస్తున్నాడో తెలియక ఆయన నిద్ర చెడిన సందర్భాలున్నాయి. "ఏదో, ఫరవాలేదు. చుట్టానివి కాబట్టి ఒప్పుకుంటా. జోజిబాబూ, నీదేంటి?"

జోజిబాబు లేచి బయటికి వెళ్ళి, బకెట్ నిండా నీళ్ళు తెచ్చి మధ్యలో పెట్టాడు. బుట్టలోంచి చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు పచ్చికాయలు తీసి నీళ్ళలో వేశాడు. ఒకటి అడుక్కి పోయింది. ఒకటి పైన తేలింది.

"మునిగింది ముదురు. తేలింది లేత. లేతకాయ ఎంత మాగబెట్టినా పులుపే. మా నాయన చూపించాడు."

గోపాలకృష్ణ ఇన్నాళ్ళూ తొడిమ పక్కన ఉబ్బిన కాయ భుజాలు చూసి ముదురో లేతో చెప్పేవాడు. పదింటిలో రెండు తప్పేవి. ఆయన వంగి ఇంకో కాయ వేశాడు. శ్రీధర్ ఇంకోటి వేశాడు. ఏది మునుగుతుందో ముందే చెప్పాలని పందెం పెట్టుకున్నారు. తేలినదాన్ని కోసి చూశారు, మునిగినదాన్ని కోసి చూశారు. నలుగురూ బకెట్ చుట్టూ గొంతుక్కూర్చుని చొక్కాలు తడుపుకున్నారు. మాట్లాడకూడదన్న షరతు మరిచిపోయి అందరికన్నా పెద్దగా అరిచింది అక్షయే.

ఆ తర్వాత గోపాలకృష్ణ తన కిటుకు చెప్పాడు. పొద్దువాలాక కోత, తొడిమ కిందికి, ఒక్క వరస, ఎండు అరటాకు. మొన్న చెప్పినదానికి అక్షరం మార్చలేదు. శ్రీధర్ కళ్ళార్పకుండా విని తొడ చరిచాడు.

"అదీ! అలా చెప్పాలి. మొన్న నువ్వు సరిగ్గా చెప్పలేదు బావా."

మిగిలింది పరీక్ష. వెంకాయమ్మగారి తోటలో ఆఖరి కోతలకు ముగ్గురూ కలిసి వెళ్ళారు. మిగిలిన ఇద్దరూ తమ వాటా కాయ గోపాలకృష్ణ దగ్గరే కొనుక్కున్నారు. పొద్దు వాలింది. చిక్కాలు పైకి లేచాయి. శ్రీధర్ ప్రతి తొడిమా వంగి చూస్తున్నాడు, సొన చిమ్మకపోయేసరికి పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు కాయను రెండు చేతుల్లో పట్టుకుని అందరికీ చూపించాడు. జోజిబాబు బకెట్ తెచ్చుకున్నాడు. కోత కూలి విషయంలో మాత్రం గొడవైంది. ఇంత విలువైన పని అని తెలిశాక సగం కూలికి చెయ్యం అంటూ కోతవాళ్ళు చిక్కాలు కింద పెట్టారు. గోపాలకృష్ణ ఆ నష్టం ఊహించలేదు. పూర్తి కూలికి ఒప్పుకోక తప్పలేదు. ఆ ఒక్క సాయంత్రం ఆయన మొహం నిజంగానే చిట్లింది.

ముగ్గురి ట్రేలూ ఒకే లారీలో హైదరాబాదు వెళ్ళాయి. మర్నాడు గోపాలకృష్ణ కొట్టులో కుదురుగా కూర్చోలేకపోయాడు. తన సరుకు గురించి ఆయనకు దిగుల్లేదు. జీవితంలో మొదటిసారి శ్రీధర్ సరుకు బాగుండాలని కోరుకుంటున్నాడు, ఆ కోరిక ఒంటికి కొత్తచొక్కాలా గుచ్చుకుంటోంది. పదింటికి శ్రీధర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఫోను స్పీకర్లో పెట్టి ఉంది. అవతల హైదరాబాదులో ఎవరో ఆడమనిషి, మన చెట్టు పండు మచ్చ లేకుండా వచ్చింది, ఇంకో రెండు ట్రేలు పంపుతారా అని అడుగుతోంది.

"కాయ నిలబడింది బావా!" అని శ్రీధర్ ఆయన్ని వాటేసుకున్నాడు. గోపాలకృష్ణ అలవాటుకొద్దీ జేబు తడుముకున్నాడు.

అక్షయకు మాత్రం కొత్త దిగులు పట్టింది. "నేను ఉన్నది ఉన్నట్టు చూసి రాసుకుపోవడానికి వచ్చానండీ. మీరేమో నా కళ్ళ ముందే అంతా మార్చేశారు. మా గైడ్‌గారు ఏమంటారో!" అంది. రెండురోజుల తర్వాత ఆ గైడ్‌గారు ఫోన్లో ఇదే అసలు అధ్యాయమని, ఇంకో నెల అక్కడే ఉండమని చెప్పారట. ఆ సంబరంలో ఆమె యార్డులో అందరికీ పూతరేకులు పంచింది. ఊరికే ఇచ్చింది కదా అని ఎవరూ అనుమానించలేదు, తిన్నారు.

జూన్ రెండో వారంలో, తొలకరి పడకముందు, వెంకాయమ్మగారు తోటలో పాట పెట్టింది. మూడేళ్ళ గుత్తకు. కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. కంచె అవతల నలుగురైదుగురు రైతులు, చిన్న రసాలకు పాట ఏంటో చూద్దామని వచ్చి నిలబడ్డారు.

"పాడండి. ఈ తోటలో పాట విని చాలా కాలమైంది" అంది ఆవిడ.

గోపాలకృష్ణ నిరుడిచ్చిన గుత్త మీద కొంచెం వేసి పాడాడు. శ్రీధర్ మొహం చిట్లించి దాని మీద వేశాడు. జోజిబాబు ఒక్క మాట అన్నాడు, ఇద్దరి మీదా వేశాడు. వెంకాయమ్మగారు కుర్చీలో ముందుకు జరిగింది. పాట పెరిగింది. గోపాలకృష్ణకు మళ్ళీ పాతికేళ్ళ కుర్రాడైనట్టు ఉంది. ఇన్నేళ్ళూ ఈ తోటలో ఒంటరిగా ధర చెప్పి, ఒంటరిగా ఒప్పుకుని వెళ్ళిపోయేవాడు. అందులో లాభం ఉండేది గానీ ఈ రుచి ఉండేది కాదు. జోజిబాబు తప్పుకున్నాడు. శ్రీధర్, గోపాలకృష్ణ మిగిలారు.

"బావా, బీపీ చూసుకో" అన్నాడు శ్రీధర్.

"నీ వాట్సాప్ చూసుకో" అని గోపాలకృష్ణ ఇంకా పైకి వేశాడు.

శ్రీధర్ దాని మీదా వేశాడు. గోపాలకృష్ణ నోరు తెరిచి, మనసులో కూలి, కిరాయి, తరుగు గబగబా తీసేసి చూసుకున్నాడు. మిగులు లేదు. ఆశ వెయ్యమంది. లెక్క వద్దంది. ఆయన ఎప్పుడూ లెక్క మాటే విన్నాడు.

"తీసుకో" అన్నాడు.

తోట శ్రీధర్‌ది అయింది. గోపాలకృష్ణ తోట చివరిదాకా ఒకసారి చూశాడు. ఏటేటా తను నడిచిన చెట్ల వరసలవి. కానీ వెంకాయమ్మగారు అప్పటికే ఆయిల్‌పామ్ వాళ్ళకి ఫోను చేసి, అందరూ వినేలా, "మొక్కలు పంపొద్దయ్యా. నా చెట్లు ఉంటాయి. అవును, మామిడే. ఆ, చిన్న రసాలే" అని చెబుతోంది. ఆ మాటలు చెవిన పడుతుంటే ఆయన పక్కనున్న చెట్టు బోదె మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

కంచె అవతలి రైతుల్లో ఒకాయన గోపాలకృష్ణను చేత్తో పిలిచాడు. "ఏవండీ, మా దగ్గర కూడా ఓ రెండెకరాల రసాలున్నాయి. పోయినేడే కొట్టేద్దామనుకున్నాం. ఈ ధరొచ్చేట్టయితే ఉంచుతాం. ఒకసారి వచ్చి చూస్తారా?"

"మా అన్నయ్య వాళ్ళవి కూడా" అన్నాడు ఇంకొకాయన.

గోపాలకృష్ణ సంతోషం బయటపెట్టకుండా ఎండ వైపు చూసి, "ఇటే వచ్చాం కాబట్టి చూద్దాం లెండి" అన్నాడు. స్కూటరు తిప్పుతుంటే జోజిబాబు అడక్కుండానే వెనకాల ఎక్కాడు. ఆ రెండెకరాల మీద తనతో పాడేవాడు తన బండి మీదే వస్తున్నాడని గోపాలకృష్ణకు తెలుసు. పెట్రోలు ఎవరు పోయించాలన్నది దారిలో తేల్చుకోవచ్చు.

శ్రీధర్ గబగబా వచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు. పాట గెలిచిన మొహంలో అప్పుడే దిగులు మొదలైంది. "బావా, నిజం చెప్పు. మూడేళ్ళ గుత్త నెత్తిన పెట్టుకున్నా. ఈ రసాల గురించి నాకింకా చెప్పనిదేమైనా ఉందా?"

"ఉంది" అన్నాడు గోపాలకృష్ణ. "నీ దగ్గరేముంది?"